తీతువులకు పందిరి

హైదరాబాదు నుంచి ఆ మెసేజ్ వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. చందర్ ముందుగదిలో బండల మీద నీళ్ళు చల్లుకొని, ఆ తడి మీదే బోర్లా పడుకొని ఉన్నాడు. ముందురోజు రాయికోడ్‌లో పెళ్ళి. అప్పగింతలు అయ్యే దాకా ఫోటోలు తీసి, తెల్లారాక ఇల్లు చేరాడు. అతని ఫోన్ నా చేతిలో ఉంది. మెసేజ్ ఒకసారి చదివాను, నమ్మకం కుదరక ఇంకోసారి చదివాను, తర్వాత వెళ్ళి అతని చెవి దగ్గర కూర్చున్నాను.

“చందర్, లే. వాళ్ళు ఒప్పుకున్నరు.”

“ఆల్బం వచ్చే వారం ఇస్త అన్నా,” అన్నాడు కళ్ళు తెరవకుండానే.

“నేను అన్నను గాదు, నీ పెండ్లాన్ని. మన తీతువు ఫోటోలు నచ్చినయట. లే జర.”

“నచ్చినయా? మంచిది,” అని అటు తిరిగి పడుకున్నాడు.

మాకు ఫిబ్రవరిలో పెళ్ళయింది. మా పెళ్ళి రోజు ఒక్కటే చందర్ కెమెరా పట్టుకోలేదు. ఆ తర్వాత జహీరాబాద్ చుట్టుపక్కల పెళ్ళి కాని ఊరు లేదు, అతను లేని పందిరి లేదు. కట్టుకున్న మనిషిని నేను ఎక్కువగా నిద్రలోనే చూశాను. నిద్రలో ఎడమ కాలు ఆడిస్తాడనీ, “అన్నా, జర పక్కకు” అని కలవరిస్తాడనీ నాకు తెలుసు. అతనికి ఏ కూర ఇష్టమో మాత్రం అత్తమ్మను అడిగి తెలుసుకోవలసి వచ్చింది. పెళ్ళి లేని తెల్లవారుజాము ఎప్పుడైనా దొరికితే ఇద్దరం బండి మీద ఊరి బయటకు పోయి పిట్టలను చూసేవాళ్ళం. అదే మా హనీమూన్ అని స్నేహితురాళ్ళకు చెప్తే నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కానీ అదే.

మెసేజ్‌ను ఈసారి గట్టిగా చదివాను. బీడుభూముల జీవాల మీద పనిచేసే సంస్థ అది. మేము మొగుడంపల్లి వైపు తీసి పంపిన మూడు ఫోటోలు బాగున్నాయన్నారు. అదే తీతువుల జంట గుడ్లు పొదగడం నుంచి పిల్లలు లేచే దాకా వరుసగా ఫోటోలు తీసి ఇవ్వగలిగితే, ఏడాది పాటు ఈ చుట్టుపక్కల జీవాలన్నిటినీ తీసే పని చందర్‌కే ఇస్తామన్నారు. చివర ఒక షరతు: గూడు చుట్టూ గడ్డిపరక కూడా కదిలించకూడదు, కదిలిస్తే ఆ ఫోటోలు తీసుకోరు.

“ఆ, ఆ,” అన్నాడు చందర్. గురక మొదలైంది. అంతలోనే గురక ఆగింది. లేచి కూర్చున్నాడు. చెంప మీద బండల గీతలు పడి ఉన్నాయి.

“ఏడాది పనా?”

“ఏడాది. పెండ్లిళ్ళు బంద్. రాత్రి ఇంట్ల పండుకుంటవ్. పొద్దుగాల లేస్తవ్. నాతోని కూసోని చాయ్ తాగుతవ్.”

“నీతోని చాయ్ తాగెతందుకు హైదరాబాద్ వాళ్ళ పర్మిషన్ గావాల్నా?” అన్నాడు. అని, రెండు చేతులతో మొహం తుడుచుకొని, చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు. పగటి వెలుతురులో అతని నవ్వు అంతసేపు చూడడం నాకు అదే మొదటిసారి.

అత్తమ్మ మణెమ్మ వంటింట్లో చింతపండు గింజ తీస్తున్నది. విషయం చెప్పాను.

“ఏం పిట్ట అన్నవ్ బిడ్డా?”

“తీతువు, అత్తమ్మా.”

ఆమె చేతిలో చింతపండు అట్లాగే ఆగింది. “అయ్యో, గా అర్సే పిట్టనా? అది ఇంటి మీదికెల్లి అర్సుకుంట పోతేనే మంచిది గాదంటరు. కొత్త పెండ్లయినోల్లు దాని ఎంట పడుడేంది? నెమలిని తియ్యరాదూ?”

మామయ్య గుండయ్య ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరయ్యారు. వాకిట్లో పేపరు మడతపెట్టి విసురుకుంటూ అక్కడి నుంచే అన్నారు: “నెమలిని అందరు తీస్తరు. తీతువును ఎవ్వడు తియ్యడు. గందుకే వీనికి ఇచ్చిన్రు.”

*

గుడ్లు ఉన్నది శరణప్ప చేనులో. మొగుడంపల్లి దాటాక కర్ణాటక వైపు పోయే దారిలో, ఎర్రమట్టీ మొరం రాళ్ళూ కలిసిన బీడు. గూడు అని అంటాం కానీ గూడు ఏమీ లేదు. రాళ్ళ మధ్య అరచేయంత గుంట, అందులో నాలుగు గుడ్లు. అవీ రాళ్ళలాగే, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. పక్కనే మోకాలెత్తు తంగేడు మొక్క ఒకటి, సగం ఎండి, పడమటి వైపు నిలబడి ఉంది. మొదటిసారి చూసినప్పుడు చందర్ వేలు పెట్టి చూపించినా నాకు గుడ్లు కనపడలేదు. కనపడగానే “హా” అని అరిచాను. తల్లి పిట్ట లేచి, అంతకన్నా గట్టిగా అరిచింది.

ఇవి ఊళ్ళలో అందరికీ తెలిసిన ఎర్ర తోలు తీతువులు కావు. వీటికి కళ్ళ ముందు నుంచి కిందికి వేలాడే తోలు పసుపు రంగు. కాళ్ళు పసుపు. నెత్తిన నల్ల టోపీ. నలుగు పెట్టాక పూర్తిగా కడుక్కోని పెళ్ళిపిల్ల లాగా ఉంటుందని నేనంటే, టోపీ ఉంది కాబట్టి పెళ్ళిపిల్లగాడు అని చందర్ అన్నాడు. ఏది ఆడదో ఏది మగదో మాకు చివరి దాకా తెలియలేదు. రెండూ ఒకేలా ఉంటాయి, రెండూ వంతులేసుకొని పొదుగుతాయి.

శరణప్ప ఎండాకాలం దుక్కి కోసం ట్రాక్టరు మాట్లాడుకొని ఉన్నాడు. గుడ్ల సంగతి చెప్తే నడుము మీద చేతులు పెట్టుకొని ఆ గుంట వైపు చూశాడు.

“హౌదా? నిజమేనా? గీ నాలుగు గుడ్లకు మీ ఇద్దరు ఎండల గూసుంటరా?”

“మూల ఒక్కటి ఇడిసిపెట్టు పెద్దనాయినా. పిల్లలు లేస్తె దున్నుకో,” అన్నాడు చందర్.

“ఇడుస్త. కాని ఫోటో సేటూ, నాది ఒక్కటి మంచి ఫోటో తియ్యి. గోడకు పెట్టెదే. మా ఇంటామె దగ్గర ఉన్నది ఆధార్ ఫోటో. దానికి దండేస్తె సుట్టాలు గుర్తుపట్టరు.”

అప్పటికప్పుడు తీశాడు చందర్. “పెద్దనాయినా, జర ఎడమకు. గడ్డం పైకి. ఆ గంప పక్కకు జరుపు ప్రియా,” అంటూ. శరణప్ప ఫోన్‌లో తన మొహం చూసుకొని, “సచ్చినంక సుక గింత మంచిగుంటనా?” అన్నాడు. మాకు మూల ఖాయమైంది.

అత్తమ్మ తిడుతూనే అల్లం బస్తాలు విప్పి డేరా కుట్టి ఇచ్చింది. ఇద్దరు మనుషులు మోకాళ్ళు ముడుచుకొని పట్టేంత. ముందు వైపు కెమెరా కోసం ఒక కంత. ఎండ ఎక్కే కొద్దీ ఆ గోనెలోంచి అల్లం వాసన లేచేది. చాయ్ గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుందని నేను చందర్ చెవిలో గుసగుసగా చెప్పాను. నవ్వితే పిట్ట బెదురుతుందని అతను పెదవి కొరుక్కున్నాడు. అతని మెడ మీద చెమట చుక్కలు వరుసగా దిగుతున్నాయి. నాకు అంతకు మించిన సుఖం ఏం కావాలనిపించింది.

అక్కడే మొదటిసారి చూశాం. శరణప్ప బోరు దగ్గర కారిన నీళ్ళు నిలిచిన ఒక చిన్న మడుగు ఉంది. ఒక తీతువు గుడ్ల మీద ఉంటే, రెండోది ఆ మడుగులోకి దిగి, తాగదు, స్నానం చేయదు, పొట్ట ఈకలు నానేలా అట్లా కూర్చుంటుంది. తర్వాత పరుగు పరుగున వచ్చి, నీళ్ళు కారే పొట్టతో గుడ్ల మీద కూర్చుంటుంది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా. అది కూర్చోగానే మొదటిది లేచి మడుగు వైపు పరుగెత్తుతుంది. పొద్దంతా ఇదే. రెండూ కలిసి ఒకచోట నిలబడ్డ క్షణం ఉండదు. ఎదురుపడినప్పుడు కూడా ఆగవు.

“మనలెక్కనే,” అన్నాను.

“మనం ఆగుతం గదా,” అన్నాడు చందర్.

*

ఏప్రిల్ చివర్లో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. న్యాల్‌కల్ దగ్గర ఒక పెళ్ళి ముగించుకొని చందర్ ఇంటికి రాకుండా నేరుగా చేనుకే వచ్చాడు. నేను బస్సు దిగి నడిచి వెళ్ళాను. అతని చొక్కా మీద తలంబ్రాల పసుపు బియ్యం ఇంకా అంటుకొని ఉన్నాయి. కళ్ళు మిరపకాయలు. జొన్నరొట్టె తెచ్చి ఇచ్చాను. సగం తిని, మిగిలింది చేతిలో పట్టుకొని మరిచిపోయాడు.

సీసాలో నీళ్ళు అయిపోతే బోరు దగ్గరికి వెళ్ళాను. కరెంటు వచ్చే దాకా ఆగి, నింపుకొని, వంగి డేరాలోకి దూరేసరికి చందర్ కెమెరా తెర నా వైపు తిప్పాడు.

“సూడు. సూడు ప్రియా.”

నేను చూసిన ఫోటోలన్నిటిలోకీ అందమైనది అది. తీతువు అప్పుడే వచ్చి గుడ్ల మీదికి వంగుతున్నది. పొట్ట ఈకల నుంచి ఒక నీటిబొట్టు జారి, కింద గుడ్డును తాకబోతూ గాలిలో ఉంది. వెనక అంతా ఎర్రమట్టి, మెత్తగా, మచ్చ లేకుండా. పిట్ట కన్ను, కళ్ళ ముందు పసుపు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మేము అప్పటి దాకా తీసిన వందల ఫోటోల్లో ఎప్పుడూ ఆ మొహానికి అడ్డంగా ఏదో ఒకటి ఉండేది.

నేను కంతలోంచి బయటకు చూశాను.

“చందర్, తంగేడు ఏది?”

“ఏ తంగేడు?”

“పక్కన ఉండెనే.”

“మొకానికి అడ్డమొస్తుండె, గందుకే...” అన్నాడు. అంటూ ఆగిపోయాడు. గూటికి కొంచెం దూరంలో తంగేడు కొమ్మలు విరిచి పడేసి ఉన్నాయి. మొదలు మాత్రం జానెడు మిగిలింది. పెళ్ళిలో పెళ్ళికూతురి వెనక ప్లాస్టిక్ కుర్చీ ఉంటే లాగేస్తాడు. అడ్డమొచ్చిన మేనమామను భుజం పట్టి జరుపుతాడు. వేలాడే బల్బు తీగను పైకి దోపుతాడు. చేతులు వాటంతట అవే చేస్తాయి. ఇక్కడ కూడా అవే చేశాయి.

“సోయి లేదు ప్రియా. నాకు సోయే లేదు,” అన్నాడు.

పడమటి ఎండ గుడ్ల మీద నేరుగా పడుతున్నది. అప్పటి దాకా ఆ సమయానికి తంగేడు నీడ గుంటను సగం కప్పేది. ఇప్పుడు తీతువు కూర్చోలేక, లేచి నిలబడి, రెక్కలు సగం విప్పి తన నీడనే గుడ్ల మీద పట్టింది. నోరు తెరిచి ఎగపోస్తున్నది. రెండోది మడుగు నుంచి రావడం ఆలస్యమైతే మెడ తిప్పి అటు చూస్తున్నది.

చందర్ బయటకు పోయి ఒక కొమ్మ తీసుకొని మొదలు పక్కన గుచ్చాడు. గాలికి పడిపోయింది. మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ పడిపోయింది. పిట్టలు రెండూ మా తల మీద అరుస్తూ తిరుగుతున్నాయి. చివరికి శరణప్ప బోరు దగ్గరి ఇనుప చువ్వ తెచ్చి, దానితో గుంట చేసి, కొమ్మను గట్టిగా నాటాడు. వెనక్కి వచ్చి డేరాలో కూర్చొని, కొమ్మ నీడ గుంట మీద పడుతున్నదా లేదా అని కంతలోంచి చూశాడు.

*

తెంపిన కొమ్మ ఒక్క ఎండకే ముడుచుకుపోయేది. కాబట్టి రోజూ కొత్త కొమ్మ కావాలి. రోజూ ఎండ పడక ముందే ఎవరో ఒకరు పోయి, దూరంగా ఉన్న తంగేడు పొదల్లోంచి ఒక కొమ్మ తెచ్చి, పాతది తీసి నాటాలి. ముహూర్తం ఉన్న రోజు నేను మొదటి బస్సుకు పోయేదాన్ని. లేని రోజు అతను. తీతువులకు మేము అలవాటయ్యాము. అరవడం మానలేదు కానీ మునుపటిలా నెత్తి మీదికి దూకేవి కావు. చెరో పక్కకు కొంచెం నడిచి, “కానివ్వండి తొందరగా” అన్నట్టు నిలబడేవి.

మే నెల ఎట్లా గడిచిందో ఇప్పుడు వరుసగా చెప్పలేను. అంతా ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తుంది. చందర్ అన్నం తింటూ నిద్రపోయేవాడు. ఒకరోజు చాయ్‌లో నేను ఉప్పు వేశాను. ఇద్దరమూ తాగేశాము, ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు తువ్వాలు ఎక్కడ పెట్టావన్న దాని మీద ఇద్దరం గొంతులు పోయేలా పోట్లాడుకున్నాము. తువ్వాలు అతని మెడలోనే ఉంది. నాకు ఎండదెబ్బ తగిలి రెండు పూటలు పడుకుంటే అత్తమ్మ ఉల్లిగడ్డ రసం అరికాళ్ళకు రుద్దింది. రుద్దుతూ, “పొద్దంత పందిట్ల పని, పొద్దుగాల లేస్తె మల్ల పిట్టకు పందిరి. మా పెండ్లికి సుక ఎవ్వడు గింత ఆకు తేలె,” అన్నది.

పక్కింటి హనుమమ్మ గోడ మీద నుంచి చూసి, “ఏందే మణెమ్మా, కోడలు పెండ్లికి పండులెక్కుండె, గట్ల మాడిపాయెనేంది? చేన్ల పనికి తోలుతున్నవా?” అన్నది.

“నీ కోడలు టీవీ ముంగట గూసుండి తెల్లగున్నది. నా కోడలు పని చేసి నల్లగైంది. పో, నీ పని సూస్కో,” అన్నది అత్తమ్మ.

నేను మంచంలో మొహం దాచుకొని నవ్వాను. అలసటలో కూడా అట్లాంటివి దొరికేవి. సీసా మూతతో ఇద్దరం పంచుకున్న చల్లని మజ్జిగ. ఒక పొద్దున గూటి ముందు నుంచి తాపీగా నడిచి పోయిన ఉడుము. బస్సు కిటికీలోంచి కోసిన చెరకు చేను వాసన. డేరాలో నిద్రపట్టిన చందర్ తల నా భుజం మీదికి వాలడం, ఆ బరువుకు నా చేయి తిమ్మిరెక్కడం, అయినా కదలకుండా ఉండడం.

ఆ సమయంలోనే అతను నాకు కెమెరా నేర్పాడు. అవసరానికి నేర్పాడు, ముచ్చటకు కాదు. అతను లేని రోజు ఎవరో ఒకరు తీయాలి కదా. “కన్ను మీద ఫోకస్ పెట్టు. ఊపిరి బిగపట్టు. గంతే,” అన్నాడు. పాఠం అంతే.

*

పిల్లలు లేచిన రోజు చందర్ ఇంటికి రాకుండా పెళ్ళి నుంచి నేరుగా చేనుకే వచ్చాడు. కొమ్మ నాటాడు. డేరాలో కెమెరా మూడుకాళ్ళ స్టాండుకు బిగించి, దాని పట్టీ మెడకు వేసుకొని, కంతలో కన్ను పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే నిద్రపోయాడు. నుదురు కెమెరాకు ఆనింది.

నేను పక్క చీలికలోంచి చూస్తున్నాను. తీతువు గుడ్ల మీది నుంచి లేచింది. వంగి ఏదో ముక్కుతో తీసింది. తెల్లగా మెరిసింది. పెంకు. దాన్ని పట్టుకొని గబగబా దూరంగా నడిచి పడేసి వచ్చింది. గుంటలో ఏదో కదిలింది. తడి గడ్డిపోచ అంత మెడ, దాని మీద పెద్ద తల.

చందర్ భుజం మీద చేయి వేయబోయాను. లేపితే ఎట్లా లేస్తాడో నాకు తెలుసు. “వస్తున్నన్నా!” అని అరిచి లేస్తాడు. పిట్ట ఎగిరిపోతుంది. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. అతని తల కింద నా చేయి పెట్టి, మెల్లగా బస్తా మూట మీదికి చేర్చాను. పట్టీ మెడలోంచి తీశాను. అతను ఏదో గొణిగాడు, కాలు ఆడించాడు, లేవలేదు.

కంతలో కన్ను పెడితే మేము నాటిన తంగేడు కొమ్మ అడ్డంగా ఉంది. ఒక ఆకు సరిగ్గా పిల్ల మొహం మీదికి ఊగుతున్నది. గాలి వచ్చినప్పుడు ఆకు పక్కకు పోతున్నది, ఆగినప్పుడు మళ్ళీ కప్పుతున్నది. నేను గాలి కోసం ఆగాను. ఊపిరి బిగపట్టాను. నొక్కాను. మళ్ళీ ఆగాను.

మధ్యాహ్నానికి మూడు పిల్లలు గుంటలోంచి బయటకు వచ్చి, రాళ్ళ మధ్య నడుస్తూ, పడుతూ, లేస్తూ ఉన్నాయి. ఆగితే రాళ్ళు, నడిస్తే పిల్లలు. పెద్ద తీతువులు రెండూ ఆ రోజు మొదటిసారి ఒకచోట ఉన్నాయి. పొద్దు వాలుతుండగా మడుగు వైపు పిల్లలను నడిపించుకొని పోయాయి. నాలుగో గుడ్డు గుంటలోనే ఉంది.

చందర్ కళ్ళు తెరిచి మెడ తడుముకున్నాడు.

“లేచినయా?”

“మూడు లేచినయి.”

“నన్ను లేపలే?”

“లేపలే.”

కెమెరా తీసుకొని ఒక్కొక్కటి చూశాడు. “ఫోకస్ మంచిగ పట్టినవ్,” అన్నాడు చివరికి. ఆ మాటకు నాకు లేచి గంతులు వేయాలనిపించింది. వేయలేదు, ఎందుకంటే అతను అప్పటికే బయటకు నడిచి ఆ నాలుగో గుడ్డు ముందు కూర్చున్నాడు. చీకటి పడే దాకా దాని మీదికి ఏ పిట్టా రాలేదు. అది ఎండకు పోయిందో, ఇంకెందుకు పోయిందో ఎవరు చెప్పగలరు? చందర్ మాత్రం తంగేడు మొదలు వైపు చూస్తూ కూర్చున్నాడు.

*

చందర్ స్టూడియోలో కంప్యూటరు ముందు ఇద్దరం కూర్చున్నాం. నీటిబొట్టు ఫోటో తెర మీద ఉంది. పక్కన, తర్వాతి వారాలవి. అన్నిటిలో అడ్డంగా కొమ్మ. చూసేవాడికి అది అక్కడ మొలిచిన మొక్కే.

“కొమ్మ సంగతి చెప్పకపోతే ఎవ్వరికి తెలుస్తది?” అన్నాను. నాకు ఆ ఏడాది కావాలి. పొద్దున చాయ్ కావాలి. మెలకువగా ఉన్న మొగుడు కావాలి.

“ఎవ్వరికి తెల్వది.”

“మరి పంపు.”

అతను మౌస్ మీది నుంచి చేయి తీశాడు. “పెండ్లిల అంత సర్ది తీసుడే ప్రియా. నవ్వు రాకున్నా నవ్వమంటం. ఏడ్సుడు సుక మల్లొక్కసారి ఏడ్వమంటం. ఇది ఒక్కటి సర్దకుండ తీసెదని సంబురపడ్డ. దీన్ని సుక సర్దిన.” అని ఫోన్ తీశాడు. నా ముందే చేశాడు. స్పీకరులో పెట్టాడు.

అవతల శోభారాణి మేడం. మాకు మెసేజ్ పెట్టింది ఆవిడే. ఫోటోలు ఎప్పుడు పంపుతున్నారని సంతోషంగా అడిగింది. చందర్ చెప్పాడు. కొమ్మ విరిచానని, రోజూ నాటామని, ఒక గుడ్డు లేవలేదని.

“మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు చందర్ గారూ,” అన్నది.

“అవును మేడం.”

“చెప్పారు కాబట్టి తీసుకోలేము. ఈ ఏడాది పని వేరేవాళ్ళకు ఇవ్వాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి.”

“ఏమనుకోను మేడం. పిల్లలవి మా ఇంటామె తీసింది. ఊరికెనే చూస్తరా?”

పంపించాడు. ఆమె చూసింది. “బాగున్నాయి. ఆవిడకు చెప్పండి,” అన్నది. ఫోన్ పెట్టేసింది.

చందర్ నిజం చెప్పినందుకు నాకు కోపం లేదు. నిజం చెప్పినా పనికిరాకపోయినందుకు ఉంది. బట్టలు ఉతుకుతూ ఉంది, చెట్నీ నూరుతూ ఉంది. రాత్రికి అదీ అలిసిపోయి పోయింది.

మరునాడు శరణప్ప ఆ మూల కూడా దున్నేశాడని మామయ్య చెప్పారు. సాయంత్రం చందర్ మంచం మీద బ్యాటరీలు, కార్డులు పరుచుకొని సర్దుతున్నాడు. రాయికోడ్‌లో మరో పెళ్ళి, పొద్దున ముహూర్తం, సాయంత్రం విందు. ఒక బ్యాటరీని చార్జరులో పెట్టబోయి, ఎందుకు పట్టుకున్నాడో మరిచిపోయినట్టు దాన్నే చూస్తున్నాడు. నేను అతని చేతిలోంచి తీసుకొని చార్జరులో పెట్టాను.

“రేపటి పెండ్లి నేను తీస్త,” అన్నాను.

చందర్ తల ఎత్తాడు. వాకిట్లో అత్తమ్మ చాట ఆపింది.

“నువ్వా? ఒక్కదానివా?”

“పొద్దుగూకినంక విందుకు నువ్వు రా. ముహూర్తం నాది. నువ్వు పండుకో.”

“నవ్వుతరే,” అన్నాడు. “ఆడపిల్ల పెండ్లి ఫోటోలు తీసుడు ఈడ ఎవ్వరు చూడలే.”

“నవ్వనియ్యి. నవ్వినోల్ల ఫోటోలు మంచిగొస్తయి.”

అత్తమ్మ లోపలికి వచ్చి నిలబడింది. ఇద్దరి మొహాలూ చూసింది. కొడుకు మొహం కొంచెం ఎక్కువసేపు చూసింది. “మంచి చీర కట్టుకొని పో. పెండ్లిపిల్ల తల్లి నిన్ను సుట్టం అనుకొని ముందు కూసోబెడుతది. దగ్గరికెల్లి తీసుకోవచ్చు,” అన్నది.

“మొదటి బస్సు తోలేది నా దోస్తే,” అన్నారు మామయ్య వాకిట్లోంచి. “నేను సుక వస్త. స్టాండు మోస్త. అన్నం బెడుతరు గద.”

చందర్ నవ్వలేదు, వద్దనలేదు. మంచం మీద వెనక్కి వాలి, పైకప్పు చూస్తూ, పని అప్పగించే మనిషి గొంతుతో అన్నాడు: “తలంబ్రాలప్పుడు జాగ్రత్త. అందరు లేస్తరు. సుట్టాలు, పిల్లలు, పంతులు, అందరు అడ్డమొస్తరు. గప్పుడు ఏం చేస్తవ్?”

“అడ్డం రానియ్యి,” అన్నాను. “ఎవ్వర్ని జరగమనను. మంది నడుమకెల్లి మొకం దొరికే దాక ఆగుత. రేపు మొదటి బస్సుకు పోతున్న, అత్తమ్మా. మబ్బుల్నే, తెల్లారక ముందే లేపు.”